కొండ పక్క ఆఖరి ఇల్లు

ఇల్లు కొనడానికి ఎవరొచ్చినా బావగారు వాళ్ళను ముందు ఆఖరి ఇంటికే తీసుకొచ్చేవారు. కాలనీ కట్టింది ఆయనే. కొండను నిలువునా కోసి, కోసిన చోట ఎత్తుగా అడ్డుగోడ లేపి, ఆ గోడ వెంట ఒక వరస ఇళ్ళు కట్టారు. వరసలో చివరిది, గోడకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది, సొంత తమ్ముడికి ఇచ్చి, తల్లిని కూడా అక్కడే ఉంచారు. ఎంత మంచి అన్న అని అందరూ అనుకునేవారు. ఎందుకిచ్చారో ఆ ఇంటి చిన్నకోడలికి ఆదివారం వచ్చినప్పుడల్లా తెలుస్తూ ఉండేది.

ఆ ఆదివారం ఆమె వెనకగదిలో మిషను ముందు కూర్చుని స్కూలు చొక్కాలకు కాలర్లు వేస్తోంది. బయట కారు ఆగింది. తలుపులు ధన్ ధన్‌మన్నాయి. ఆ వెనకే బావగారి గొంతు.

“రండి, రండి. ఈవిడ మా అమ్మ. ఇది మా తమ్ముడి ఇల్లు. కొండకి ఇంతకన్నా దగ్గరగా ఇంకో ఇల్లు లేదు, చూశారుగా. ప్రమాదమే ఉంటే కన్నతల్లిని తెచ్చి ఇక్కడ కూర్చోబెడతానా? మీరే చెప్పండి.”

వరండాలో కుర్చీలో ఉన్న అత్తగారు నడుం నిటారుగా చేసుకున్నారు. “మా పెద్దవాడు కట్టిందండీ” అన్నారు. వచ్చిన వాళ్ళందరితోనూ అనే మాటే అది. అన్న ప్రతిసారీ ఆవిడ ముఖం వెలిగేది.

వచ్చింది ఒక స్కూలు బస్సు డ్రైవరు, అతని భార్య. ఆమె ఆస్పత్రిలో నర్సు. నిండు గర్భిణి. బిడ్డ పుట్టేలోగా సొంత ఇంట్లో పడాలని వాళ్ళ ఆరాటం. అంతకుముందు వచ్చినప్పుడు కొండను చూసి వెనక్కి తగ్గినవాళ్ళే. ఊళ్ళో ఇంకెక్కడా తమకు అందే ఇల్లు దొరక్క మళ్ళీ వచ్చారు.

మగవాళ్ళు కరెంటు మీటరు దగ్గర మాట్లాడుకుంటుంటే నర్సు మెల్లగా నడుచుకుంటూ వెనకగదిలోకి వచ్చింది. కిటికీ దగ్గర ఆగింది. చెయ్యి చాపి ఇంకాస్త ముందుకు వంగితే అందేంత దూరంలో గోడ. పైకి చూడాలంటే మెడ విరుచుకోవాలి. నీళ్ళు పోవడానికి గోడలో పెట్టిన పైపుల కింద ఎర్రటి మరకలు చారలు కట్టి ఉన్నాయి.

“ఒక్క మాట అడగనా అక్కా?” అంది గొంతు తగ్గించి. “మీకు భయం వెయ్యదా?”

చిన్నకోడలు మిషను ఆపి తల ఎత్తింది. నర్సు భుజం మీదుగా గుమ్మంలో బావగారు కనిపించారు. నవ్వుతూనే ఉన్నారు. తన భర్తకు కరెంటు పని ఇచ్చి పోషిస్తున్నదీ ఆయనే.

“భయమెందుకండీ? ఎండాకాలం చల్లగా ఉంటుంది” అంది.

నర్సు గుండెల నిండా గాలి పీల్చి వదిలింది. “హమ్మయ్య. ఇక్కడే ఉంటున్న మీరే అన్నాక ఇంక నాకు బెంగ లేదు.”

వాళ్ళు వెళ్ళాక చిన్నకోడలు మళ్ళీ మిషను తొక్కబోయి చూసుకుంది. చేతిలో ఉన్న కాలరు తిరగేసి కుట్టేసి ఉంది. బ్లేడు తీసుకుని ఒక్కొక్క కుట్టూ విప్పుకుంటూ కూర్చుంది.

*

ఆ వారం మధ్యలోనే బస్సు డ్రైవరూ నర్సూ సామాన్లతో దిగారు. వాళ్ళు దిగిన రోజునే వాన పట్టుకుంది.

వాన చిన్నకోడలికి కొత్త కాదు. వాన పడితే గోడ పైపుల్లోంచి నీళ్ళు కారతాయి. అవి కారుతున్నంతసేపు మంచిదేనని, నీళ్ళు గోడ వెనక నిలవకూడదని భర్త చెప్పాడు. అందుకని వాన పడినప్పుడల్లా ఆమె మిషను తొక్కుతూ ఒక చెవి ఆ నీళ్ళ మీదే ఉంచేది. ఆ చప్పుడు వింటూ ఉంటే చేతులకు కాస్త ధైర్యంగా ఉండేది.

మర్నాటికి నీళ్ళు ఎర్రబడ్డాయి. మధ్యాహ్నానికి చిక్కబడ్డాయి. సాయంత్రం బొత్తాలు కుడుతూ కుడుతూ ఆమె సూది ఆపేసింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో కాసేపు తెలియలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది.

వాన ఆగలేదు. పైపులు ఆగాయి.

భర్త వచ్చీ రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. అతను ఇనప ఊచ ఒకటి తెచ్చి, తడుస్తూ ఒక పైపులో పొడిచాడు. గుప్పెడు బురద ఊడిపడింది. ఇంకో పైపులో పొడిచాడు. ఊచ లోపలికి పోనేలేదు. అరచేయి గోడకు ఆనించి కొంచెంసేపు నిలబడ్డాడు, జ్వరం చూస్తున్నవాడిలా. అలాగే తడిబట్టలతో అన్నగారింటికి వెళ్ళాడు.

తిరిగి వచ్చాక ఆమె అడిగింది.

“ఏమన్నారు?”

“రేపు మున్సిపల్ కౌన్సిలు వాళ్ళు వస్తున్నారట. వాళ్ళు వెళ్ళాక చూద్దామన్నాడు.”

“వాళ్ళు ఉన్నప్పుడే చూపిస్తే పోలా?”

అతను చొక్కా విప్పి పిండుకుంటూ ఉండిపోయాడు.

కౌన్సిలు వాళ్ళు ఎందుకొస్తున్నారో ఇంట్లో అందరికీ తెలుసు. కిందటేడు ఊరికి అవతలి వైపు ఒక కొండ జారి కొన్ని ఇళ్ళు పోయాయి. అప్పటినుంచి ఈ కొండను కూడా ప్రమాదమని ప్రకటించాలని గొడవ. నిజానికి మొదట ఇది ప్రమాదమని ప్రకటించిన కొండే. ఎన్నికల ముందు కౌన్సిలరు చక్రం తిప్పి ఆ మాట తీయించాడు. ఆ తర్వాతే బావగారు కోత మొదలుపెట్టారు. “ఖాళీ స్థలంలో అయితే ప్రమాదమని బోర్డు పాతేస్తారు. జనం కాపురాలున్న చోట ఎవడు పాతుతాడు? వాళ్ళకి ఓట్లొద్దూ?” అని ఆయన ఈ ఇంటి హాల్లోనే కూర్చుని అనడం ఆమె చెవులారా విన్నది.

వాళ్ళు వచ్చారు. రెయిన్‌కోట్లు వరండాలో విప్పి, హాల్లో కూర్చున్నారు. చిన్నకోడలు టీ తెచ్చింది. కౌన్సిలరు అత్తగారి పక్కన చేరి, “ఎలా ఉందమ్మా కొత్త ఇల్లు?” అన్నాడు.

“మా పెద్దవాడు కట్టిందండీ.”

“ఇంకేం! అదే పెద్ద సర్టిఫికెట్టు” అని నవ్వాడు. అందరూ నవ్వారు.

వచ్చినవాళ్ళలో కుర్ర ఇంజనీరు ఒకతను నవ్వలేదు. కప్పు కింద పెట్టి, “ఒకసారి గోడ చూసొస్తాను” అని వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. గడియ తీసి లాగాడు. తలుపు రాలేదు. రెండు చేతులతో లాగాడు. రాలేదు.

పొద్దున పాలగిన్నె కడగడానికి ఆమె ఒంటి చేత్తో తీసిన తలుపు అది. టీ ట్రే పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది.

“వానకి చెక్క ఉబ్బిందండీ” అన్నాడు భర్త, గోడ వైపు చూడకుండా.

“పక్కనుంచి వెళ్తారా? మోకాలి లోతు బురద” అన్నారు బావగారు.

ఇంజనీరు కిటికీలోంచి చూశాడు. వాన జల్లులో గోడ కనిపించింది కానీ గోడ తీరు కనిపించలేదు. ఇంతలో హాల్లోంచి కౌన్సిలరు, “ఏమయ్యా, ఇంకా రెండు చోట్లకి వెళ్ళాలి” అని పిలిచాడు. అంతే, అయిపోయింది. కార్లు వెళ్ళిపోయాయి.

“మన టీ పొగడటానికి పట్టిన టైము కూడా ఆ గోడకి పట్టలేదు” అన్నారు అత్తగారు. ఎగతాళిగా అన్నారో మెచ్చుకోలుగా అన్నారో తెలియలేదు.

బావగారు తమ్ముడి భుజం తట్టి వెళ్ళారు. గోడ సంగతి చూద్దామన్న మాట ఆయనా ఎత్తలేదు, ఇతనూ గుర్తు చెయ్యలేదు.

ఆ సాయంత్రం భర్త వెనక తలుపును బలవంతాన ఊడదీసి, హాల్లో పడుకోబెట్టి, అంచుకు చిత్రిక పట్టాడు. చెక్క పేళ్ళు చుట్టలు చుట్టలుగా రాలాయి. చిన్నకోడలు వాటిని చేటలోకి ఎత్తింది. తలుపు మళ్ళీ బిగించాక వేసి చూశాడు, తీసి చూశాడు. వెన్నలా కదిలింది. “చూశావా, చెక్కే” అన్నాడు. అతని గొంతులో ఉత్సాహం చూస్తే ఆమెకు జాలేసింది.

తెల్లారి లేచి ఆ తలుపు తీయబోతే రాలేదు.

అతను మళ్ళీ చిత్రిక తెచ్చాడు. కానీ పట్టలేదు. తలుపు మీద కాకుండా ద్వారబంధం మీద చెయ్యి వేసి, పైనుంచి కిందికి తడుముకుంటూ వచ్చాడు. బంధం ఒక పక్కకు ఒరిగి ఉంది.

“చెక్క కాదు” అన్నాడు.

*

“నేను కొండ దిగిపోతున్నా” అంది ఆమె.

“అన్నయ్యకి ఏం చెప్పను?”

“నేను దిగిపోయానని చెప్పండి.”

“మరి అమ్మ?”

అత్తగారితో పెద్ద యుద్ధమే అవుతుందనుకుని ఆమె గుండె చిక్కబట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్ళింది. “మా పెద్దవాడు కట్టిన ఇల్లు పడదు” అన్నారు అత్తగారు మంచం మీదనుంచి, ఆమె నోరు తెరవకముందే. చిన్నకోడలు జవాబు చెప్పలేదు. బీరువాలోంచి ఆవిడ బట్టలు తీసి సంచిలో సర్దడం మొదలుపెట్టింది. అత్తగారు చూస్తూ కూర్చున్నారు. సంచి నిండి, జిప్పు పడ్డాక అడిగారు.

“మోకాళ్ళ మందు పెట్టావా?”

“పెట్టాను.”

“ఎందుకు దిగుతున్నామని ఎవరన్నా అడిగితే నాకు మోకాళ్ళ నొప్పులని చెప్పు. ఇంకేం వాగకు.”

నర్సు వాళ్ళ వరండాలో తాడు కట్టి చిన్న చిన్న గుడ్డలు ఆరేస్తోంది. పుట్టబోయే బిడ్డకోసం ఉతికిన పాత మెత్తటి గుడ్డలు. వాళ్ళను చూసి, “ఎక్కడికక్కా ఈ వానలో?” అంది.

చిన్నకోడలి చేతిలో సంచి ఒక్కసారిగా బరువెక్కింది. చెప్పాలనుకుంది. మాట పెదవుల దాకా వచ్చింది. పక్కన అత్తగారు ఆమె మోచేయి గట్టిగా నొక్కారు.

“అత్తయ్యకి మోకాళ్ళు బాలేదు. డాక్టరుకి చూపించడానికి” అంది.

“అయ్యో, జాగ్రత్త” అంది నర్సు.

కొండ కింద రోడ్డు మొదట్లో, ఆమె చొక్కాలు కుట్టి ఇచ్చే బట్టల షాపు ఉంది. దాని మీద గది ఒకటి ఖాళీగా ఉంటే అందులో దిగారు. సగం గది నిండా గుడ్డ తానులు. ఆ రోజు ఆమెకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

బావగారు మర్నాడు పొద్దున్నే వచ్చారు. నిలబడే మాట్లాడారు.

“నాకొక్క మాట చెప్పకుండా అమ్మని దింపుతావా అమ్మాయ్? ఆవిడ దిగిందని తెలిస్తే రేప్పొద్దున వరసంతా దిగుతుంది.”

“దిగనివ్వండి బావగారూ.”

“దిగి ఎక్కడికెళ్తారు?” ఆయన గొంతు లేచింది. “నీకు గుడ్డల షాపు గది దొరికింది. వాళ్ళకి? ఉన్నదంతా ఊడ్చి కొనుక్కున్నారు. చదును నేలలన్నీ పెద్దవాళ్ళు ఎప్పుడో పంచుకున్నారు. మిగిలింది కొండే. నేను అక్కడ కట్టకపోతే ఆ డ్రైవరుకి ఈ జన్మలో ఇల్లుండేదా? అందరూ నన్ను అనేవాళ్ళే. వాళ్ళకింత నీడ ఇచ్చిందెవరు?”

ఆ మాటలో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

“అంత నమ్మకమైతే మీరే వెళ్ళి ఉండండి. అక్కనీ పిల్లల్నీ తీసుకుని” అంది.

భర్త తల వంచుకున్నాడు. బావగారు తల్లి వైపు చూశారు. తల్లి కిటికీ వైపు చూస్తోంది. పెదవి విప్పి “వద్దురా” అంటుందని ఆయన ఎదురుచూసినట్టుంది. ఆవిడ అనలేదు.

“ఉంటాను. ఉండననుకున్నావా?” అని ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆ మాటతో ఆయన నోరు మూయించాననుకుంది ఆమె. మధ్యాహ్నం వ్యాను చప్పుడైతే కిటికీలోంచి చూసింది. పరుపులు, కుర్చీలు, పిల్లల సైకిలు వేసుకుని వ్యాను కొండ మీదికి మలుపు తిరుగుతోంది. ముందు సీట్లో పెద్దకోడలు. ఎప్పుడూ చిన్నకోడలితో ముక్తసరిగా మాట్లాడే మనిషి, ఇప్పుడు తల తిప్పి ఇటు చూడనైనా చూడలేదు. ఇద్దరు ఆడపిల్లలు మాత్రం చేతులు బయటపెట్టి ఊపారు.

“పిన్నీ! మేం మీ ఇంటికే!”

అత్తగారు కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు. వ్యాను కనుమరుగయ్యాక ఇటు తిరిగారు.

“నా మనవరాళ్ళని నువ్వే ఎక్కించావు కొండ” అన్నారు. ఆ తర్వాత కోడలితో మాట్లాడలేదు.

*

వాన తెరిపి ఇచ్చింది. ఎండ కాసింది. అప్పటిదాకా సామాన్లు సర్దుకుందామా అని గుసగుసలాడుకున్న వరసంతా ఊపిరి పీల్చుకుంది. ఆస్పత్రికి వెళ్తూ నర్సు బట్టల షాపు ముందు ఆగింది.

“బిల్డరుగారే కుటుంబంతో వచ్చేశారక్కా మా వరసలోకి! మా ఆయన కొంచెం తటపటాయించాడు, అద్దె ఇంటికి వెళ్దామా అన్నాడు. ఇప్పుడింక నిశ్చింత. అత్తగారికి ఎలా ఉంది?”

“బాగానే ఉంది.”

“తగ్గాక మీరూ వచ్చెయ్యండి. మీరు లేకపోతే నాకు తోచడం లేదు.”

“జాగ్రత్తగా ఉండండి” అనగలిగింది చిన్నకోడలు. అంతకన్నా ఏం చెప్పినా, తాను ముందు చెప్పినదంతా అబద్ధమని చెప్పాలి. నర్సు ఒక చేత్తో నడుం పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళింది. ఆమె వెళ్ళిన వైపే చూస్తూ చిన్నకోడలు చాలాసేపు కత్తెర పట్టుకుని ఊరికే నిలబడింది.

శనివారం మధ్యాహ్నం మబ్బు మళ్ళీ కమ్మింది. ఈసారి వాన చినుకులతో మొదలవ్వలేదు. కుమ్మరించినట్టు పడింది. షాపు ముందు కాలవ చూస్తుండగానే ఎర్రగా మారిపోయింది. ఎక్కడి మట్టో ఆమెకు తెలుసు. అత్తగారు అన్నం ముందు కూర్చుని కలపలేదు. కంచం పక్కకు జరిపి ముఖం గోడకు తిప్పుకున్నారు.

చిన్నకోడలు గొడుగు తీసుకుంది. భర్త ఊళ్ళో ఎక్కడో పనిలో ఉన్నాడు. ఫోను చేసి, “వ్యాను తీసుకుని కొండ మీదికి రండి” అంది. ఎందుకని అతను అడగలేదు.

దారి పొడవునా నీళ్ళు ఎదురొచ్చాయి. గొడుగు ఎప్పుడో తిరగబడింది. వరస మొదట్లోకి రాగానే ఆగి గోడ చూసింది. పైపుల నోళ్ళన్నీ బురదతో బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంత వానలో వాటిలోంచి ఒక్క చుక్క రావడం లేదు. గోడ పైన పాతిన కంచె స్తంభాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు తలలు వంచాయి. ఆమె కాళ్ళు వెనక్కి తిరిగి పరుగెత్తమన్నాయి. అక్కడినుంచి ఆఖరి ఇంటిదాకా నడవడం, గోడ కింద, పూర్తిగా గోడ కింద... ఊపిరి బిగబట్టి నడిచింది. ఊపిరి గట్టిగా వదిలినా గోడకు తగులుతుందేమోనన్నట్టు.

తలుపు కొట్టిందో లేదో తెరుచుకుంది. పెద్దకోడలు. వెనక ఇద్దరు పిల్లలు, కాళ్ళకు బూట్లు, వీపున స్కూలు సంచులు.

“ఇప్పుడా రావడం?” అంది పెద్దకోడలు. కోపం కాదు, భయం. “మేకు కొట్టినట్టు ఇక్కడ కూర్చోబెట్టి పోయారాయన. నా అంతట నేను దిగితే ఆయన పరువు పోతుంది. ఎవరన్నా వచ్చి పిలిస్తే బావుండునని పొద్దుటినుంచీ... వంటింట్లో గచ్చు లేచింది. చూడు.”

చిన్నకోడలు చూడలేదు. చూస్తే కాలు కదలదని తెలుసు. చిన్నపిల్లను ఎత్తుకుంది.

“అత్తయ్యకి బాలేదని నువ్వు కబురు తెచ్చావు. సరేనా? అందుకని వెళ్తున్నాం” అంది పెద్దకోడలు తాళం వేస్తూ. తాళంచెవి జారిపోయింది. దాన్ని వెతకలేదు.

బయటికి వచ్చి గోడకు ఎడంగా నడుస్తున్నారు. నర్సు ఇంటి ముందుకు రాగానే చిన్నకోడలు ఆగింది.

“పద” అంది పెద్దకోడలు ఆమె భుజం పట్టుకుని. “ఈవిడకి చెబితే అందరికీ చెప్పినట్టే. ఆయన నన్ను బతకనివ్వరు. పిల్లలున్నారు, పద!”

“నేను చెబితేనే కొన్నారక్కా ఈ ఇల్లు.”

తలుపు బాదింది. తీయడానికి ఆలస్యమైంది. నిద్రకళ్ళతో నర్సు గుమ్మం పట్టుకుని నిలబడింది. డ్యూటీ చేసి వచ్చి పడుకున్నట్టుంది.

“మీరు వెంటనే బయటికి రండి. ఉన్నపళంగా. గోడ వెనక నీళ్ళు నిలిచిపోయాయి. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను.”

నర్సుకు అర్థం కాలేదు. ఒకసారి ఆమెను చూసింది, ఒకసారి ఆమె వెనక తడుస్తున్న పెద్దకోడలిని చూసింది. బిల్డరుగారి భార్య, స్కూలు సంచులతో పిల్లలు.

“మీరు కూడా... వెళ్ళిపోతున్నారా అండీ?” అని అడిగింది పెద్దకోడలిని.

పెద్దకోడలు నోరు తెరిచింది. అత్తగారి అనారోగ్యం ఆమె నాలుక చివరే ఉందని చిన్నకోడలికి తెలుసు. పెద్దకోడలి చూపు నర్సు కడుపు మీద పడింది.

“భయమేసి వెళ్ళిపోతున్నామమ్మా” అంది చివరికి. “నాకు ఇక్కడికొచ్చినప్పటినుంచీ కంటిమీద కునుకు లేదు. నువ్వు రా. ఏమీ తీసుకోకు, రా.”

ఆ ఒక్క మాట అన్నాక ఆ మనిషికి ఏమైందో ఏమో. నర్సు చేతిని చిన్నకోడలి చేతిలో పెట్టి, పక్కింటి తలుపు మీద రెండు చేతులతో బాదడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకో తలుపు. “నేను! బిల్డరు భార్యని! బయటికి రండి!” ఏ ఇంటి గుమ్మమూ ఏనాడూ ఎక్కని మనిషి, జుట్టు ముఖాన అతుక్కుని, గొంతు చించుకుని అరుస్తోంది. బిల్డరు భార్యే దిగిపోతోందని తెలిశాక ఎవరూ ఎందుకని అడగలేదు. చంకల్లో పిల్లలతో, చేతికందిన సంచులతో బయటపడ్డారు.

మలుపు దగ్గర భర్త వ్యాను ఎదురొచ్చింది. నర్సునూ ముసలివాళ్ళనూ అందులో ఎక్కించారు. వ్యాను వెనకే బావగారి కారు. ఎవరో ఫోను చేసి ఉంటారు. అద్దం దించి ఆయన ఆ జనాన్ని చూశారు, భార్యను చూశారు.

“అమ్మకేమన్నా అయిందా?” అన్నారు. ఆ ప్రశ్నలో బతిమాలుకోవడం ఉంది. అవుననమని.

“అత్తయ్యకేం? బాగానే ఉన్నారు” అంది పెద్దకోడలు, ఆగకుండా కారు పక్కనుంచి నడిచి వెళ్తూ.

ఆయన కారు దిగారు. ఏదో అనబోయారు. అప్పుడు పైన లారీలోంచి ఇసక దింపినట్టు చప్పుడైంది. ముందు చిన్నగా, ఆ తర్వాత ఆగకుండా. కరెంటు తీగలు ఒక్క గుంజు గుంజుకుని తెగి వేలాడాయి. అక్కడినుంచి గోడ కనిపించదు. కానీ వరస చివరనుంచి ఎర్రటి బురద మెల్లగా, ఏ తొందరా లేనట్టు, రోడ్డు మీదికి తిరిగింది. అందులో ఒక వెనక తలుపు తేలుతూ వచ్చింది.

“లోపల ఎవరన్నా ఉండిపోయారా?” అన్నారు బావగారు. ఒకరి ముఖం ఒకరు వెతుక్కున్నారు. ఆడవాళ్ళు పేరుపేరునా పిలుచుకున్నారు. ఎవరి పిల్లలు వాళ్ళకు దొరికారు, ముసలివాళ్ళు దొరికారు. “అందరం ఉన్నాం” అని ఎవరో ఏడుస్తూ అనేదాకా బావగారు కారు తలుపు పట్టుకునే నిలబడి ఉన్నారు.

*

మర్నాడు స్కూలు హాల్లో బెంచీలు పక్కకు లాగి, నేల మీద దుప్పట్లు పరిచారు. కౌన్సిలరు వచ్చాడు. వెనక కెమెరాలు. బిల్డరుగారు ప్రమాదాన్ని ముందే పసిగట్టి, సొంత భార్యను ఇంటింటికీ పంపించి ఇన్ని ప్రాణాలు కాపాడారన్నాడు. హాల్లో ఎవరూ కాదనలేదు. ఇల్లు పోయింది, ఇంకో ఇల్లు రావాలంటే ఆ ఇద్దరి చేతుల మీదుగానే రావాలి. బస్సు డ్రైవరు తల ఊపడం చిన్నకోడలు చూసింది. అతన్ని తప్పు పట్టలేకపోయింది. తన భర్త కూడా ఊపుతున్నాడు.

“ఎవరూ దిగులు పడొద్దు. అందరికీ ఇళ్ళిస్తాం. కొండకి అవతలి వైపు. అటు రాయి గట్టిది” అన్నాడు కౌన్సిలరు.

నర్సు దుప్పటి మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. “అటా?” అంది, ఎవరినీ కాదు. పక్కనే కూర్చున్న పెద్దకోడలు ఆమె పాదాల మీద దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

చిన్నకోడలు టీ కప్పులు తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. కడుగుతుంటే పక్కన ఎవరో నిలబడ్డట్టనిపించి చూసింది. బావగారు. గడ్డం మాసి ఉంది. ఒక్క రోజులో పదేళ్ళు మీద పడ్డట్టున్నారు.

“నిన్న నువ్వు వెళ్ళకపోతే...” అని ఆగిపోయారు. కుళాయి నీళ్ళు దోసిట పట్టి ముఖం మీద కొట్టుకున్నారు. “చిన్నది పడుకునే మంచం వంటింటి గోడ పక్కనే అమ్మాయ్. కళ్ళు మూస్తే అదే కనిపిస్తోంది.”

ఆ ముఖం చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది. “అటువైపు వద్దు బావగారూ. వాళ్ళు మీ మాట వింటారు. వద్దని మీరు చెప్పండి” అంది.

“చెబుతాను” అన్నారు. నిజంగానే అన్నారు. తల కూడా ఊపారు.

గేటు దగ్గర కారు హారను మోగింది. కౌన్సిలరు వెనక సీట్లోంచి చెయ్యి ఊపుతున్నాడు. బావగారు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు, చొక్కా సర్దుకున్నారు, గబగబా నడిచి వెళ్ళి ఎక్కారు.

చిన్నకోడలు కుళాయి కట్టేసింది. కప్పు చేత్తో పట్టుకుని గేటు దాకా వెళ్ళి చూసింది. ఎడమకు తిరిగితే ఊరు, కౌన్సిలు ఆఫీసు. కారు కూడలి దగ్గర ఆగింది, కొంచెంసేపు. కుడికి తిరిగి, కొండ చుట్టూ అవతలి వైపుకు పోయే కొత్త మట్టిరోడ్డు ఎక్కింది.